గడప దాటని అన్నం

డాక్టరమ్మ నోటుబుక్కు మూసి బల్ల మీద పెట్టింది. ఆ మూసిన తీరులోనే నమ్మలేదని తెలిసిపోయింది.

“ఇందులో రాసిందంతా నిజమేనా?”

“నిజమేనండి. నేనే రాసేను,” అన్నాడు ప్రదీప్. “పొద్దున్న రెండిడ్లీలు. మధ్యాహ్నం రెండు పుల్కాలు, కప్పు కూర, మజ్జిగ. రాత్రికి మళ్ళీ రెండు పుల్కాలు. మా అమ్మ దగ్గరుండి పెడతాది. కంచంలో అన్నం పెట్టుకుని మూణ్ణెల్లయిందండి ఈవిడ.”

“ఈ తిండికి మూణ్ణెల్ల షుగరు ఎనిమిదిన్నర ఉండదు. ఎనభైమూడు కిలోల మనిషి ఎనభైఆరు అవదు.”

భాగ్యవతి ఒళ్ళోని సంచీ పట్టీని వేలికి చుడుతూ కూర్చుంది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. వేలు కొస తెల్లబడింది.

“చూడమ్మా,” అంది డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి. “నీకు ముప్పై రెండేళ్ళు, పిల్లల్లేరు. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ కనపడితే మామూలుగా సంచి తీసేస్తాం. నీకు ఆశ ఉంచుదామని తియ్యకుండా మాత్రలిచ్చాం. తగ్గింది కూడా. రెండుసార్లు గోకి తీసిన ముక్కలు శుభ్రంగా వచ్చాయి. ఈసారి మళ్ళీ వచ్చింది. మొదటి దశే. లోపలికి దిగలేదని స్కానింగులో ఉంది. అంతవరకు అదృష్టం.”

మళ్ళీ వచ్చింది. పొద్దున్న చీపురుపల్లిలో రైలెక్కినప్పటి నుంచి ఆ రెండు ముక్కలూ వింటానేమోనన్న భయంతోనే ఉంది భాగ్యవతి. తీరా విన్నాక భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. ఎందుకు సిగ్గో ఆమెకే తెలియలేదు.

“బరువు వల్లే తిరిగొచ్చిందా అండీ?” అని అడిగాడు ప్రదీప్.

“అంత ఖాయంగా ఎవరూ చెప్పలేరు. బరువూ షుగరూ ఇలా ఉంటే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. మాత్ర సరిగ్గా పట్టదు. కడుపు పండడమూ కష్టమే. ఇప్పుడు దారులు రెండు. సంచి తీసేస్తే గొడవ వదుల్తుంది. లేదూ, ఇంకొక్కసారి మాత్రలు వేసి చూడమంటే చూస్తాను, కానీ మూడు నెలలే. ఆ మూడు నెలల్లో బరువూ షుగరూ దిగి తీరాలి. దిగకపోయినా, ముక్కలో మళ్ళీ కనపడినా తీసెయ్యడమే. క్యాన్సర్‌తో పంతాలు పనికిరావు. సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పండి.”

వరండాలోకి వచ్చాక ప్రదీప్ ఆగాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఏటి తింటన్నావు నువ్వు?”

“నువ్వు రాసిందే బావా.”

అతను మందులషాపు వైపు నడవబోయి, ఏ మందులు కొనాలో ఇంకా తేలలేదని గుర్తొచ్చి, స్టేషన్ వైపు మళ్ళాడు.

పలాస పాసింజరు ఖాళీగానే ఉంది. కిటికీ పక్కన కూర్చుని భాగ్యవతి తన మూడు నెలల తిండినీ మనసులో వెతికింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం ఆమె. తడుముకోగా తడుముకోగా కార్తీకంలో ఆడపడుచు ఇంట్లో వ్రతం నాడు తిన్న ఒక లడ్డూ దొరికింది. అది కూడా సగమే. ప్రసాదమని కళ్ళకద్దుకుని తింది. మిగతా సగం మేనకోడలి చేతిలో పెట్టింది. ఆ సగం లడ్డూ కొత్తవలస దాకా ఆమె గుండె మీద కూర్చుంది.

“నాన్న అడుగుతాడు. ఏటి చెప్పాల?” అన్నాడు ప్రదీప్ విజయనగరం దాటాక.

“ఇంకోసారి మాత్రలు వేసుకుంటాను బావా. మూడు నెలలే కదా.”

“మాత్రలు నువ్వు వేసుకుంటావు. నోరు ఎవరు కట్టుకుంటారు?”

చెడ్డవాడు కాదు ప్రదీప్. రెండేళ్ళలో పదిహేనుసార్లు విశాఖపట్నం తిప్పాడు. ఒక్కసారీ విసుక్కోలేదు. అలిసిపోయాడు, అంతే. అలిసిపోయిన మనిషి ఎవరో ఒకరిది తప్పని తేలితే కాస్త కూర్చోవచ్చనుకుంటాడు. భాగ్యవతి కిటికీ వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

*

మావగారు లక్ష్మణరావు గారి బియ్యం కొట్టూ ఇల్లూ ఒకటే. వీధి వైపు కొట్టు. మూతులు మడిచిన బస్తాలు వరసగా, ప్రతి బస్తాలోనూ రకం పేరు రాసిన అట్టముక్క. కొట్టు దాటితే హాలు, ఆ వెనక వంటిల్లు, పెరడు. పెద్దాయన గల్లాపెట్టె దగ్గర కూర్చునే విషయమంతా విన్నాడు. విన్నంతసేపూ సోనామసూరి బస్తాలో చెయ్యి పెట్టి బియ్యం పైకీ కిందకీ తిప్పుతూనే ఉన్నాడు.

“ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడు,” అన్నాడు చివరికి. గట్టిగా కూడా అనలేదు. “అమ్మాయ్, నిన్ను తిట్టడం కాదు. తీపి నాలిక నాకు మాత్రం లేదా? షుగరని తెలిసిన రోజునుంచీ రెండు వేళ్ళతో మెతుకు రుచి చూడ్డమే గానీ నేను ముద్ద మింగలేదు. ఎవులి నోరు వాళ్ళే కట్టుకోవాల. నీ వల్ల కాదని తేలిపోయింది. మళ్ళీ మాత్రలేసి, మళ్ళీ తిని, ఆ రోగం పెరిగి ప్రాణం మీదికి తెచ్చుకోవడం దేనికి? తీయించేద్దాం. సోమవారం నేనే ఫోన్ చేస్తాను. మనిషివి మిగిలితే చాలు.”

మనిషివి మిగిలితే చాలు. ఆ మాటలో ప్రేమ ఉంది. అందుకే భాగ్యవతికి ఎదురు చెప్పడం చేతకాలేదు. తనకు పిల్లాడు కావాలని, పిల్లాడు పుట్టినా పుట్టకపోయినా ఆ ఆశ ఇంకో మూడు నెలలు కావాలని ఆమె గొంతులో ఉంది. దొంగ అనిపించుకున్న నోటితో ఆశ గురించి ఏం మాట్లాడుతుంది? తలొంచుకుని లోపలికి పోయింది.

అత్త బుల్లమ్మ వంటింటి అలమార ముందు పీట మీద కూర్చుని ఉంది. ఎడమ పాదానికి కట్టు. బొటనవేలి పక్కన పుండు మానక ఏడాది దాటింది. ఆవిడకి కూడా షుగరే. బెల్లం డబ్బా, జంతికల డబ్బా, వేరుశనగలు, అటుకులు, అన్నీ అలమారలోకి సర్దించింది.

“ఒసే భాగ్యం, తాళం కప్ప ఎక్కడున్నాదే?”

అటక మీది మేకుకు వేలాడుతున్న తాళం కప్పను భాగ్యవతే అందుకుని తెచ్చి ఇచ్చింది. బుల్లమ్మ తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, చెవిని కొంగున ముడేసుకుంది. ముడేస్తూ కోడలి మొహంలోకి చూడలేదు.

“నీ మంచికేనే,” అంది.

“తెలుసత్తయ్యా.”

*

మర్నాడు పొద్దున్న దళారీ విజయ్‌కుమార్ మనిషి మూడు పొట్లాల బియ్యం పడేసి వెళ్ళాడు. పంట చేతికొచ్చి బియ్యం మరలు తిరిగే కాలం. వారానికి నాలుగైదు రోజులు శాంపిళ్ళు వస్తూనే ఉంటాయి. లక్ష్మణరావు గారు వండి చూడనిదే లోడు దింపించుకోడు. బియ్యం చూపుకి ముత్యాల్లా ఉండి, కుండలోకి వెళ్ళాక సంకటైపోతాయి. ఆయన కొట్టుకు ఉన్న పేరంతా ఆ వండి చూడ్డంలోనే ఉంది. సంచి మీద అచ్చేసిన బ్రాండు చూసి కొనేవాళ్ళు వేరే కొట్లకి పోతారు. ఈ కొట్టుకొచ్చేవాళ్ళు ఆయన మాట చూసి కొంటారు.

భాగ్యవతి మూడు చిన్న గిన్నెలు తీసి వరసగా పెట్టింది. ఏ గిన్నె ఏ పొట్లానిదో తప్పిపోకుండా గిన్నె కింద చీటీ. ఒక్కో దానికి చిన్న గ్లాసుడు బియ్యం. ఒక్కసారే కడగాలి, రెండోసారి కడిగితే జిగురు పోయి బియ్యం అబద్ధం చెబుతాయని మావయ్య మాట. పది నిమిషాలు నానబెట్టాలి. ఉప్పు వెయ్యకూడదు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టాలి. మూడు పొయ్యిల మీదా మూడు గిన్నెలూ ఒకేసారి పొంగు రావాలి. ఆమె మూతలు వాలుగా పెట్టి, మంటలు సరిచేసి, పొంగు చప్పుడు వింటూ నిలబడింది. ఎనిమిదేళ్ళ అలవాటు. ఏ గింజ పొడుగు సాగుతుందో, ఏది మధ్యలో విరుగుతుందో వాసనతోనే చెప్పగలదు.

లక్ష్మణరావు గారు వచ్చి పీట వాల్చుకున్నాడు. మొదటి గిన్నెలోంచి నాలుగు మెతుకులు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. వాసన చూశాడు. రెండు మెతుకులు పంటి కింద పెట్టాడు.

“నువ్వు తిని చెప్పమ్మాయ్. నాలుగు ముద్దలు దిగితే గానీ బియ్యం గుణం తెలీదు.”

భాగ్యవతి గిన్నెలోనే చెయ్యి పెట్టి నాలుగు ముద్దలు తింది. చప్పిడి అన్నం. వేడికి నాలుక చురుక్కుమంది.

“ఇది పాతదే మావయ్యా. రెండోది కొత్తబియ్యం కలిపేరు, పళ్ళకి అంటుతన్నాది. మూడోది శ్రీకాకుళం సన్నాలు, బాగున్నాది. చల్లారేక చూడాల.”

చల్లారాక చూడడమే అసలు పరీక్ష. హోటళ్ళవాళ్ళకి మధ్యాహ్నం రెండింటికి కూడా మెత్తగా ఉండే అన్నం కావాలి. పదకొండు గంటలకి పెద్దాయన మళ్ళీ వచ్చి రెండు మెతుకులు నలిపి, మూడోది ఖాయం చేస్తానని చెప్పి వెళ్ళాడు. మిగిలిన మూడు గిన్నెల అన్నాన్నీ భాగ్యవతి కాసింత మజ్జిగ పోసుకుని, నిలబడే, గబగబా తినేసింది. పారబొయ్యకూడదు. అన్నం అమ్ముకుని బతికే ఇంట్లో అన్నం పారబోస్తే ఇంకేముంటుంది? బయటి వాళ్ళకి పెట్టనూ కూడదు. బేరం కుదిరి సరుకు దిగేలోపు శాంపిల్ గడప దాటితే బేరం కూడా దాని వెనకే పోతుందని ఆ ఇంటి నమ్మకం. లక్ష్మణరావు గారి తండ్రి కాలంలో ఎవరో బిచ్చగాడికి గుప్పెడు పెడితే లారీ లోడు ఎదురుకొట్టుకి పోయిందట. అప్పటినుంచీ ఆవుకి కూడా పెట్టరు. అంట్లు తోమే గున్నమ్మకి పెరట్లో కూర్చోబెట్టి పెట్టొచ్చు కదా అంటే, ఆవిడ కడుపులో పడి గడప దాటినా దాటినట్టే కదా అని పెద్దాయన తర్కం.

పెద్దాయనకి షుగరు. ప్రదీప్‌కి చప్పిడి అన్నం సయించదు. బుల్లమ్మ పాదానికి పుండు. కాబట్టి ఆ పని కోడలిది. అది తిండి అని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అది కొట్టు పని.

ఒంటిగంటకి బుల్లమ్మ రెండు పుల్కాలు కాల్చి, కప్పుతో కూర కొలిచి కంచంలో పెట్టింది. ప్రదీప్ నోటుబుక్కు తెరిచి, తారీకు వేసి, ‘పుల్కాలు 2, బీరకాయ కూర 1 కప్పు’ అని రాశాడు. భాగ్యవతికి ఆకలి లేదు. తినకపోతే చాటుగా ఏదో తిందంటారని తింది.

*

శనివారం సాయంత్రం గున్నమ్మ పెరట్లో అంట్లు ముందేసుకుని కూర్చుంది. భాగ్యవతి తొట్టిలో నీళ్ళు నింపుతోంది. హాల్లోంచి పెద్దాయన గొంతు వినిపిస్తోంది. సంచి తియ్యడానికి ఎంతసేపు పడుతుంది, ఎన్ని రోజులు ఉంచుతారు అని ఎవరినో ఫోన్లో అడుగుతున్నాడు.

“ఏటమ్మా, కళ్ళు అలగుబ్బిపోనాయి?” అంది గున్నమ్మ.

గున్నమ్మకి రోగం సంగతి తెలుసు. ఆ ఇంట్లో గోడలకి తెలియనివి కూడా ఆవిడకి తెలుసు. భాగ్యవతి తొట్టి అంచు మీద కూర్చుని ఒక్క మాటలో చెప్పింది.

“దొంగతిండి తింటన్నానంట గున్నమ్మా.”

గున్నమ్మ పీచు ఆపి పెద్దగా నవ్వింది.

“నువ్వా? దొంగతిండా? ఓలమ్మా, ఎదురుగుండా తిన్నది నెక్కెట్టనోల్లు దొంగతిండి నెక్కెడతారేటి! రోజూ మూడేసి గిన్నెలు నాను తోముతన్నానా, అడుగు మాడింది ఒక్కనాడు నేదు, మెతుకు మిగిలింది ఒక్కనాడు నేదు. మరి ఆ అన్నమంతా ఎవులు తింతన్నారు, పిల్లి తింతన్నాదా?”

“అది శాంపిలు కదా.”

“అయితే? శాంపిలయితే కడుపుల పడదేటి? అన్నం ఉడికిందో నేదో సూడ్డానికి ఒక్క మెతుకు సాలంటారు. మీ ఇంట్ల గిన్నెడు తింతారేటమ్మా? నాను సెప్తే పెద్దయ్య తిడతాడని ఊరుకున్నాను గానీ. నీకంటే ముందు పెద్దమ్మ తినీది. ఆ గిన్నెలూ నానే తోమినాను.”

భాగ్యవతి లేవలేదు. కుళాయి నీళ్ళు తొట్టి నిండి, పొర్లి, ఆమె పాదాల మీదుగా పోతున్నాయి. ఆమె ఆ మూడు గిన్నెలను చూస్తూ ఉండిపోయింది. బూడిద పట్టించి బోర్లించి ఉన్నాయి. నోటుబుక్కులో పేజీ పేజీనీ తలచుకుంది. ఇడ్లీలు ఉన్నాయి. పుల్కాలు ఉన్నాయి. మజ్జిగ ఉంది. గిన్నెలు లేవు. ఆమే ఎప్పుడూ చెప్పలేదు. దాచి కాదు, దేవుడి తోడు, గుర్తుకే రాలేదు. చీపురు పట్టి ఊడ్చింది, బట్టలుతికింది రాయమని ఎవరైనా చెబుతారా?

ముందు కోపం రాలేదు. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత, కుళాయి కట్టేస్తూ ఉండగా, సగం లడ్డూ కోసం రైల్లో కొత్తవలస దాకా కుమిలిన సంగతి గుర్తొచ్చి కోపం వచ్చింది.  ఎవరి మీదో తెలియలేదు. వాళ్ళు వీళ్ళని ఏముంది, తన మీద కూడా.

*

ఆదివారం మళ్ళీ మూడు పొట్లాలు వచ్చాయి. రాజాం మరవాళ్ళ లోడు, ఎనభై బస్తాలు. మధ్యాహ్నానికల్లా మాట చెప్పమని విజయ్‌కుమార్ కబురు.

భాగ్యవతి ఎప్పటిలాగే కడిగింది, నానబెట్టింది, అత్తెసరు పెట్టింది. లక్ష్మణరావు గారు మెతుకులు నలిపి, పంటి కింద పెట్టి, గిన్నెలు ఆమె వైపు జరిపాడు.

“తిని చెప్పమ్మాయ్.”

ఆమె ఒక్కో గిన్నెలోంచి ఒక్కో మెతుకు తీసి నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది.

“మూడూ ఒకటే రకం. మొదటిది ఆర్నెల్ల పాతది, తీసుకోవచ్చు.”

“నాలుగు ముద్దలు తినకుండానే?”

ఆమె మూడు గిన్నెలనూ పళ్ళెంలో పెట్టుకుని కొట్టులోకి నడిచింది. ప్రదీప్ కాటా దగ్గర ఎవరికో ఐదు కిలోల నూక తూస్తున్నాడు. ఆ మనిషి వెళ్ళేదాకా ఆగింది. తర్వాత ఖాళీ గిన్నె ఒకటి కాటా మీద పెట్టి, బొత్తాం నొక్కి సున్నా చేసి, మూడు గిన్నెల అన్నం అందులోకి ఒంపింది. ఎర్ర అంకెలు పరుగెత్తి ఆగాయి.

“చదువు బావా.”

“ఏటిది?”

“చదువు.”

“ఏడువందల ముప్పై,” అన్నాడు ప్రదీప్. “గ్రాములు.”

“నోటుబుక్కులో రాయి. నిన్న మూడు గిన్నెలు. మొన్న లేదు. గురువారం మూడు. బుధవారం డాక్టరు దగ్గరికెళ్ళేం కాబట్టి లేదు. మంగళవారం నాలుగు. ఎనిమిదేళ్ళ నుంచీ రాయి. ఎవరి నోరు ఎవరు కట్టుకోవాలో డాక్టరమ్మే చెబుతాది.”

ప్రదీప్ అంకెల వైపు చూశాడు. మనిషి మాట నమ్మకపోవచ్చు గాని కాటాను నమ్మని వర్తకుడు ఉండడు. అతని చెయ్యి చొక్కా జేబులోని పెన్ను దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు.

“అది తిండేటి? అది కొట్టు పని,” అన్నాడు. అన్నాక ఆ మాట ఆయన చెవికే వింతగా వినిపించినట్టుంది. తల గోక్కున్నాడు.

“పనే మావయ్యా. ఈ పని ఇంక నా వల్ల కాదు.”

భాగ్యవతి గిన్నె ఎత్తుకుంది. వీధి వైపు నడిచింది. పసుపు రాసిన కొట్టు గడప ముందు క్షణం ఆగింది.  నమ్మకం ఆమెది కూడా. ఎనభై బస్తాల లోడు తన చేతుల మీదుగా పోతే ఈ ఇంట్లో మళ్ళీ తల ఎత్తగలదా? వెనక నుంచి “అమ్మాయ్!” అని పెద్దాయన కేక. అప్పుడే పనికి వస్తున్న గున్నమ్మ, మెట్టు కింద, సంచీ చంకలో పెట్టుకుని కొయ్యబారి నిలబడింది.

“పట్టుకెళ్ళు గున్నమ్మా. ఇంకా వెచ్చగానే ఉన్నాది.”

“వద్దమ్మా, పెద్దయ్య ఏటంటాడో...”

కర్ర టకటకలాడిన చప్పుడైంది. బుల్లమ్మ. ఒక చేత్తో గోడ పట్టుకుని, కట్టు కట్టిన పాదాన్ని ఈడ్చుకుంటూ కొట్టులోకి వచ్చింది. కాటా మీది అంకెలు ఆవిడ హాల్లోంచి వినే ఉంటుంది. గిన్నెలో అన్నం వైపు చూసింది, తన పాదం వైపు చూసుకుంది.

“నాను పాతికేళ్ళు తిన్నాను,” అంది ఎవరితోనో కాకుండా. “నలభై నాలుగేళ్ళకి రక్తం పోయి పోయి, విజయనగరంలో సంచి తీసేసేరు. ఆ ముక్క పరీక్షకి పంపించేరో నేదో కూడా నాకు ఎవులూ సెప్పలేదు. అప్పటికి ఇద్దర్ని కనేసేను కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత షుగరు. ఆ తర్వాత ఈ కాలు. నా రాత అనుకున్నాను. నా రాతని దీని గిన్నెలో నానే వడ్డించేను గావాల.”

“బుల్లీ, ఏటా మాటలు? శాంపిలు వల్లే వచ్చిందని డాక్టరమ్మ చెప్పిందేటి?” అన్నాడు పెద్దాయన.

“సెప్పక్కర్లేదు. వచ్చినా, రాకపోయినా, దాన్ని దొంగన్నాం. నానే తాళం వేసేను.”

ఆవిడ గోడ వదిలేసింది. కోడలి చేతుల్లోని గిన్నెకి రెండో వైపు చెయ్యి వేసింది. పుండు కాలు గడప మీద ఎత్తి పెట్టలేక పెట్టలేక పెట్టి, ఆవలికి దిగింది. ఆ బరువుకి భాగ్యవతి కూడా దిగింది. ఇద్దరూ కలిసి గిన్నెను గున్నమ్మ చేతుల్లో పెట్టారు. ఎండ అప్పుడే ఎక్కుతోంది. రోడ్డు మీద బొబ్బిలి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

పన్నెండున్నరకి విజయ్‌కుమార్ ఫోన్ చేశాడు. మరవాళ్ళు లోడు పాలకొండ పార్టీకి మాట ఇచ్చేశారట. లక్ష్మణరావు గారు ఫోన్ పెట్టేసి, ఇంటిల్లిపాదినీ ఒకసారి చూశాడు.

“చూసేరా?” అన్నాడు.

“చూసేం,” అంది బుల్లమ్మ, పాదానికి కట్టు విప్పుకుంటూ. “లారీలు మళ్ళీ వస్తాయి.”

ఆయన ఆ మధ్యాహ్నం భోజనం సరిగ్గా చెయ్యలేదు. ఎవరూ బతిమాలలేదు. సాయంత్రం మాత్రం కోడలు కొట్టులోంచి వెళ్తుంటే పిలిచి, “ఆ మొదటిది ఆర్నెల్లదని ఒక్క మెతుకుతో ఎలా చెప్పేవు?” అని అడిగాడు. “వాసన మావయ్యా,” అందామె. ఆయన పక్కనున్న బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

*

సోమవారం పదింటికి ఆసుపత్రికి ఫోన్ చేసింది పెద్దాయన కాదు, ప్రదీప్. కొట్టు వెనక బస్తాల మధ్య నిలబడి, మాటలు తడుముకుంటూ, గిన్నెల సంగతంతా చెప్పాడు. ఏడువందల ముప్పై గ్రాములని రెండుసార్లు చెప్పాడు. అవతల డాక్టరమ్మ ఏం అందో గాని, “అవునండి, మా పొరపాటేనండి, రాయడం నాదేనండి,” అన్నాడు. తర్వాత చాలాసేపు విన్నాడు.

“మూడు నెలలే అంది,” అన్నాడు భాగ్యవతి దగ్గరికి వచ్చి. “మాత్రలు మళ్ళీ మొదలెట్టమంది. షుగరు మాత్ర కూడా పెంచింది. రోజూ ముప్పావుగంట నడవాల. అయినా తిరిగి రాదని మాటివ్వలేనంది. ఏటీ ఖాయం లేదంది.”

“నాకు తెలుసు.”

“నన్నూ నడవమంది నీతోపాటు,” అన్నాడు. ఆ మాట డాక్టరమ్మ అందో, తనే కల్పించాడో భాగ్యవతి అడగలేదు. ఆమెకి సంతోషం కలగలేదు. గెలిచానన్న భావమూ లేదు. ఎండలో బస్తాలు మోసి దింపినవాడికి ఒళ్ళెలా ఉంటుందో అలా ఉంది. పడుకుని లేవకూడదనిపించింది.

ఆ రోజు శాంపిళ్ళు రెండే వచ్చాయి. ఆమె వండింది. మావయ్య నలిపాడు, ఆమె ఒక్కో మెతుకు తింది. పెద్దాయన గిన్నెలు తన వైపు లాక్కుని, కాసేపు చూసి, గున్నమ్మని తనే పిలిచాడు. “ఇక్కడే తినీసి వెళ్ళు,” అన్నాడు. గడప దాటించడానికి ప్రాణం ఒప్పలేదు, కడుపులో పెట్టుకుని దాటేదాన్ని మాత్రం ఇక చూడనట్టు ఊరుకున్నాడు.

ఒంటిగంటకి రెండు పుల్కాలు తింది. నోటుబుక్కులో రాసుకున్నారు. మూడున్నర వేళ, మడిచిన బట్టలు పెట్టెలో సర్దుతుండగా, పొట్టలో ఏదో కదిలినట్టయింది. లోపల పిండినట్టు, లాగినట్టు.  ఈ రెండేళ్ళలో బొడ్డు చుట్టుపక్కల ఏం జరిగినా ఆమెకి తోచేది ఒక్కటే. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. రక్తమేమైనా అని చూసుకుంది. ఏమీ లేదు. మళ్ళీ పిండింది. నోట్లో నీరూరింది.

అప్పుడు అర్థమైంది. ఆ ఇంటికి కోడలై వచ్చాక పదకొండింటికల్లా కడుపు నిండిపోవడమే గాని, ఇది రావడానికి చోటే దొరకలేదు.

వంటింట్లోకి వెళ్ళింది. బుల్లమ్మ నేల మీద కాలు చాపుకుని చింతపండు ఈనెలు తీస్తోంది.

“అత్తయ్యా, నాకు ఆకలేస్తన్నాది,” అంది భాగ్యవతి. అంటుండగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బుల్లమ్మ తలెత్తి చూసింది. చింతపండు చెయ్యి చీరకు తుడుచుకుని, కొంగు ముడి పంటితో విప్పి, తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టింది.

“వేరుశనగలున్నాయి. గుప్పెడు తీసుకో. బావకి చెప్పు, రాస్తాడు.”

భాగ్యవతి అలమార తెరిచింది. బెల్లం డబ్బా పక్కకి జరిపి, వేరుశనగల సీసా మూత తీసి, ఒక్క గుప్పెడు తీసుకుంది. సీసా లోపల పెట్టి తలుపు దగ్గరగా వేసింది. తాళం కప్ప తీసుకెళ్ళి అటక మీది మేకుకు తగిలించి, గుమ్మంలో కూర్చుని ఒక్కొక్క గింజే నములుతూ తింది.